అరువు చెవి

"కడపలో నన్ను ఎవరు పొమ్మంటారు నాయనా, నువ్వే చెప్పు. అది మా అన్న ఇల్లు. వీధిలో సగం మంది మా చుట్టాలే. ఆడ గూడా అదే గొంతు. 'కేశవులూ, ఎల్లిపో, కేశవులూ, ఎల్లిపో' అని. పెరట్లోకి పోయినా వదల్లేదు, మిద్దెక్కినా వదల్లేదు. అప్పుడు గదా మీ రమక్కకు అర్థమైంది, ఇది హైదరాబాదులో ఉండే గొంతు గాదు, నాతో పాటు బస్సెక్కి వచ్చిన గొంతని."

చెన్నకేశవులు గారు ఈ మాటలు నాతోనే అంటున్నా, చూపు మాత్రం స్టూలు మీదున్న మాత్ర మీదే ఉంది. తెల్లటి చిన్న మాత్ర, పక్కన నీళ్ల గ్లాసు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన భార్య రమాదేవి గారు పెట్టింది. పొద్దు వాలుతున్నా అది అక్కడే ఉంది. వారం రోజులుగా ఇదే తంతు. తార్నాకలో వాళ్ల పక్క వాటాలో అద్దెకుంటాను కనుక, "నువ్వన్నా కూర్చుని చెప్పు నాయనా, నీ మాటన్నా వింటాడేమో" అని ఆమె నన్ను పిలిచారు. చెబుదామనే వెళ్లాను. కేశవులు గారి దగ్గర కూర్చుంటే మాత్రం చెప్పడం ఎప్పుడూ జరగదు, వినడమే జరుగుతుంది.

తెలంగాణ రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి మాట వచ్చేసిన ఏడాది అది. చలికాలం. మా వీధి చివర ఒక రోజు డప్పులు మోగేవి, మర్నాడు ఏమవుతుందోనని గుసగుసలు వినిపించేవి. ఆ చప్పుళ్లన్నిటి మధ్యా ఈ ఇంట్లో మాత్రం ఒక్కటే ప్రశ్న. ఆయన ఆ మాత్ర మింగుతారా, మింగరా?

కేశవులు గారిది ప్రొద్దుటూరు దగ్గరి పల్లె. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చి, పెళ్లయిన కొత్తలోనే ఇక్కడికి చేరారు. పిల్లలు లేరు. కొత్త పుస్తకం రాగానే దాని వెన్ను మీద నంబరు చీటీ అంటించడం ఆయన పని. అంటించిన పుస్తకాలను వరసగా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసేవారట. చీటీలన్నీ ఒకే గీత మీద ఉండాలి. లేకపోతే తడిపి, పీకి, మళ్లీ అంటించేవారు.

బల్లకు అవతలి పక్క వెంకటస్వామి కూర్చునేవాడు. జనగామ మనిషి. నోరు పెద్దది.

"ఏందన్నా, సంచి గంత బరువున్నది? బాంబులు గిట్ట తెచ్చినవా కడప కెల్లి?"

"ఉంటే మొదటిది నీ నెత్తినే ఏద్దును. మా ఇంటామె నూరిన ఊరిమిండి ఉంది, కారం పచ్చడి, తింటావా?"

"బాంబే నయముండె గదా అన్నా!"

ఇలా ఏళ్ల తరబడి గడిచింది. రెండువేల తొమ్మిది చలికాలంలో క్యాంపస్ భగ్గుమంది. పొద్దున్నుంచి నినాదాలు, లాఠీలు, బాష్పవాయువు. ఒకనాడు ఆ పొగ లైబ్రరీ రీడింగ్ హాల్లోకి కూడా వచ్చింది. అందరూ తడి రుమాళ్లు కట్టుకుని బయటికి పరిగెత్తారు. మధ్యాహ్నం వేళ వెంకటస్వామి కూడా ఊరేగింపులోకి వెళ్లి గొంతు పోయేదాకా అరిచి వచ్చి, ఏమీ జరగనట్టు కేశవులు గారి క్యారియర్ మూత తీసేవాడు.

అదే నెలలో ఒక సాయంత్రం, వీధిలో కుక్క కూడా మొరగని వేళ, ఇంట్లో కూర్చున్న కేశవులు గారికి నినాదం వినబడింది. అందులో ఆయన పేరుంది.

"ఆయన చెప్పగానే నేను నమ్మినా," అన్నారు రమాదేవి గారు, వంటింటి గడప మీద చేతులు తుడుచుకుంటూ. "నమ్మక ఏం జేసేది? ఆ రోజుల్లో మన వైపోళ్ల ఇళ్లన్నిట్లో అదే మాట. గట్టిగా మాట్లాడొద్దు, టీవీ సౌండు తగ్గించు అని. మనల్ని పొమ్మంటాన్నారంటే అవునేమో అనుకున్యాం. తలుపు మీది పేరు బోర్డు నేనే పీకేసినా. కిటికీలకు దుప్పట్లు కట్టింది గూడా నేనే."

"కూరగాయల కాడ ఈమె తెలంగాణ భాష మాట్లాడింది, అడుగు," అన్నారు కేశవులు గారు. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది.

"ఆ, మాట్లాడినా. 'గివి ఎంతకిస్తవే' అన్యా. ఆ లచ్చవ్వ పడీపడీ నవ్వింది. 'నీకు రాని భాష నీకెందుకమ్మా? నీ లెక్కన నువ్వు మాట్లాడు, గవే టమాటలిస్త' అనింది."

లచ్చవ్వ నవ్విన రోజు ఇంటికి వచ్చి ఆమె ఒక దుప్పటి విప్పారట. ఆయన మళ్లీ కట్టేశారట. ఆయనకు నిద్ర కరువైంది. తిండి తగ్గింది. వెంకటస్వామి తన క్యారియర్లో ఏదో కలుపుతున్నాడని మధ్యాహ్నం తినడం మానేశారు. అయినా అందరూ దాన్ని భయమనే అనుకున్నారు. భయపడటానికి బయట కారణం కనబడుతూనే ఉంది కనుక లోపలికి ఎవరూ చూడలేదు. ఊరు మారితే భయం పోతుందని రమాదేవి గారు సెలవు పెట్టించి కడపకు తీసుకెళ్లారు.

అక్కడ ఆయన అన్నగారు సంగతి విని, "చూడండప్పా, మా తమ్మున్ని ఎట్లా చేసి పంపినారో!" అని వీధంతా చాటారు. రాష్ట్రం కలిసే ఉండాలనే ఎదురు ఉద్యమం శిబిరం వాళ్లు వచ్చి, సాయంత్రం మైకు దగ్గర నాలుగు మాటలు చెప్పించమన్నారు. అప్పటికే ఈయన మిద్దె మీద చెవుల్లో దూది పెట్టుకుని, ఎవరూ లేని వీధిలోకి చూసి దండం పెడుతున్నారు.

"మైకు నాకియ్యండి, నేను చెప్తా అన్యా," అన్నారు రమాదేవి గారు. "ఈ ఊర్లో ఈయన్ను ఎవరు పొమ్మంటాన్నారో చెప్పండని అడుగుతా అన్యా. రాత్రి బస్సుకే తిరిగొచ్చేసినాం."

హైదరాబాదులో పిచ్చి డాక్టరు అనగానే అందరి నోటా వచ్చేది ఎర్రగడ్డ ఆస్పత్రి పేరే. ఆ పేరు పెట్టి తిట్టుకోవడం ఈ ఊరివాళ్లకు అలవాటు. ఆ పేరు వినడానికి భయపడి ఆమె నల్లకుంటలో ఒక మేడ మీద ఉన్న డాక్టరు హరిచందన దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరమ్మ మొదట చెప్పిన మాట కేశవులు గారికి ఇప్పటికీ కంఠతా వచ్చు.

"'మీరు అబద్ధం చెప్పడం లేదు, మీకు వినబడుతోంది' అనింది నాయనా. నాకు ఏడుపొచ్చింది. 'కలలో మనుషులు మాట్లాడరా? అప్పుడు చెవి వింటుందా? మెదడే గొంతు పుట్టించి మెదడే వింటుంది. మీకు అది మెలకువలో జరుగుతోంది. ఇది జబ్బు. షుగరు, బీపీ లాగానే మందుంది. వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. గొంతు ఆగిందని మాత్ర ఆపొద్దు, మాత్ర వల్లే అది ఆగేది' అనింది."

గొంతు ఒక్కసారిగా ఆగలేదు. పక్కింటి రేడియోలా దూరం జరుగుతూ పోయింది. ఆయన మళ్లీ ఉద్యోగంలో చేరారు. కానీ నినాదాలు బయట నిజంగానే సాగుతున్నాయి. ఏది రోడ్డు మీదిదో, ఏది తలలోదో తేల్చుకోవడం ఎలా? చీటీ చేతిలో పట్టుకుని అలాగే బిగుసుకుపోయేవారు.

వెంకటస్వామికి రమాదేవి గారే అంతా చెప్పారు. అతను ఈయన దగ్గరికి వచ్చి, "అన్నా, నా చెవి అరువిస్త తీస్కో," అన్నాడట.

ఆ రోజు నుంచి వాళ్లకు అదొక పద్ధతి అయిపోయింది. ఏదైనా చప్పుడు కాగానే ఈయన తలెత్తేవారు. వెంకటస్వామి లేచి కిటికీ దాకా వెళ్లి, బయటికి చూసి, తిరిగి వచ్చి బల్ల మీద అరచేత్తో తట్టేవాడు. తట్టాడంటే అది నిజం. తట్టకుండా ఊరికే కూర్చున్నాడంటే అది ఈయనకు మాత్రమే వినబడింది. కూర్చున్న చోటి నుంచి ఎప్పుడూ చెప్పలేదు, ప్రతిసారీ లేచి చూసేవాడు.

"గిది మావోళ్ల ఒర్లుడే అన్నా, ఫికర్ జెయ్యకు. నిన్ను గాదు, ఢిల్లీని తిడ్తున్రు."

అలా రోజులు గడిచాయి. అయితే మాత్రల వల్ల కేశవులు గారి చేతులు వణికేవి. చీటీలు వంకరపోయాయి. తడిపి, పీకి, మళ్లీ అంటించినా వంకరే. వణుకుకు వేరే మాత్ర ఉందని డాక్టరమ్మను అడిగితే తెలిసేది. ఈయన అడగలేదు. చీటీలు తిన్నగా రావాలని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశారు. కొన్నాళ్లు చీటీలు తిన్నగానే వచ్చాయి.

ఆ తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. లైబ్రరీకి తాళం పడింది. వెంకటస్వామి సమ్మె శిబిరంలో కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న కేశవులు గారికి గొంతు మళ్లీ దగ్గరికొచ్చింది. ఈసారి ఒకటి కాదు, గుంపు. ఒక పొద్దున చెప్పులు కూడా లేకుండా క్యాంపస్ దాకా నడిచి వెళ్లారు. వెనకాలే రమాదేవి గారు.

శిబిరంలో ఎవరో గుర్తుపట్టారు. "అరే, కడపన్న వచ్చిండు! రా అన్నా, ఒక్కపారి జై తెలంగాణ అను, చాయ్ తాపిస్త!"

"వెంకటస్వామీ, నా పేరు పెట్టి ఎవరు తిడ్తాన్నారు? మనిషిని చూపించు చాలు," అన్నారు ఈయన.

వెంకటస్వామి ఆయన పాదాల వంక చూశాడు. లేచి మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అందరు ఒక్క నిమిషం సప్పుడు జెయ్యకుండ్రి. డప్పు గూడ బంద్ జెయ్యుండ్రి. ఎందుకని అడగకుండ్రి."

శిబిరం మొత్తం ఆగిపోయింది. టెంటు గుడ్డ గాలికి కొట్టుకోవడం వినబడిందని రమాదేవి గారు చెబుతారు.

"ఇప్పుడన్నా?" అని అడిగాడు వెంకటస్వామి.

"ఇంకా అంటానే ఉండారు," అన్నారు కేశవులు గారు. అని, అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

వెంకటస్వామి మైకు పక్కవాడికిచ్చి, మెడలో కండువా తీసి జేబులో కుక్కుకుని, స్కూటర్ తీశాడు. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చారు. మందు మార్చారు, వణుకు చాలావరకు తగ్గింది. తిరిగి పనిలో చేరాక పుస్తకం ఈయన పట్టుకునేవారు, చీటీ వెంకటస్వామి అంటించేవాడు.

"వాడంటించినవి అన్నీ వంకరే నాయనా," అన్నారు కేశవులు గారు. "నాకు చేతులు వణికి వంకర. వానికి ఊరికే వంకర."

పోయిన ఎండాకాలం వెంకటస్వామి గుండె ఆగి చనిపోయాడు, ఢిల్లీ మాట వినకుండానే. జనగామ దగ్గర అతని ఊళ్లో పాడె లేపుతుంటే ఎవరో "జై తెలంగాణ" అని పెద్దగా అరిచారట. ఈయన అలవాటుగా తలెత్తి పక్కకు చూశారట, ఎవరైనా తడతారేమోనని.

కొన్నాళ్లుగా ఆయనకు మళ్లీ గొంతు వినబడుతోంది. తిట్లు కావు, వెంకటస్వామి పిలుపు. "కేశవులన్నా, చాయ్‌కి పోదామా?" అని. మనసుకు దెబ్బ తగిలినప్పుడు జబ్బు ఇలా మళ్లీ తలెత్తుతుందని చెప్పి, డాక్టరమ్మ మాత్ర బలం పెంచారు. స్టూలు మీదున్నది ఆ మాత్రే.

"తిట్టే గొంతు పోవాలని మింగితిని. వీడు పోవాలని ఎట్లా మింగేది నాయనా?"

మంచి గొంతే కదా, ఉంటే ఏం అని నాకు అనిపించింది. నా మొహంలో అది కనబడిందో ఏమో, రమాదేవి గారు గడప దగ్గరి నుంచే అన్నారు:

"మంచి గొంతే. మొన్న హబ్సిగూడ రోడ్డు మధ్యలో నిలబెట్టింది. 'ఈడ్నే ఉండన్నా, చాయ్ తెస్త' అన్యాడంట. ఈయన నిలబడినాడు. బస్సు ఇంత దూరంలో ఆగింది." అరచేతులు చాపి ఆ దూరం చూపించారు. చేతుల మధ్య నా తల పట్టేంత సందుంది. ఆమె ఆ చేతులతోనే మొహం కప్పుకుని లోపలికి వెళ్లిపోయారు.

వీధి దీపాలు వెలిగాయి. ఎవరింట్లోనో కుక్కరు కూత పెట్టింది. కేశవులు గారు తలెత్తారు. మెడ గేటు వైపు తిరిగింది.

"ఇన్నావా?"

"కుక్కరే కదా సార్. ఇంకేం వినబ..."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "కూర్చున్న కాడి నుంచి చెప్తే నేను నమ్మను. వాడు ఎప్పుడూ కూర్చుని చెప్పలే." మాత్ర తీసి అరచేతిలో పెట్టుకున్నారు. రెండో చేత్తో గ్లాసు అందుకున్నారు. "నువ్వు గేటు దాకా పో. ఎవడన్నా నన్ను పిలుస్తాన్నాడేమో, సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసిరా. ఉంటే వచ్చి ఈ స్టూలు మీద తట్టు. లేకపోతే తట్టొద్దు, ఊరికే వచ్చి కూర్చో. నేను మింగేస్తా."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

"నాయనా," అన్నారు ఆయన వెనక నుంచి. "తొందరేం లేదు. నిదానంగా పోయిరా."