చూద్దాం గారు

"ఒరేయ్, మీ నాటకంలో ఆడేదెవరో, చూసేదెవరో తెలిసి చావదేంట్రా?" అని ఆయన్ని సొంత అక్కే ఓసారి మొహం మీదే అడిగింది. ప్రయోగమంటే అదేనని ఆయన మురిసిపోయాడు. వీధి చివరి పాత గోడౌన్లో, ప్రేక్షకుల మధ్యే నటుల్ని కూర్చోబెట్టి, వాడకట్టు వాళ్లచేత నాటకాలు వేయించే దర్శకుడాయన. నెరిసిన గడ్డం, భుజాన గుడ్డసంచి, చెవి వెనక పెన్సిలు. కళ జనం కోసమేనన్న ఉపన్యాసం ఎప్పుడూ ఉచితం. డబ్బు మాటెత్తితే మాత్రం గడ్డం గోక్కుంటూ "చూద్దాం" అంటాడు కాబట్టి, వీధిలో ఆయన పేరే చూద్దాం గారు. వేషాలకు చొక్కాలు కుట్టిపెట్టిన ఆయన ఎదురింటావిడకి, అంటే వీధందరి పిన్నికి, మూడు నెలలుగా అదే జవాబు.

మొన్న ప్రదర్శన మధ్యలో పిన్ని లేచి నిలబడింది. "బాబూ, పిల్ల ఫీజుకి రేపే గడువు. ఈ చొక్కాలన్నీ నేనే కుట్టాను. నా కూలి ఇచ్చెయ్యి." ఇదీ నాటకమేననుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. కాదని ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నడుం వంచి నమస్కరించి, "కళకి వెల కట్టే షరాబెవరు తల్లీ?" అన్నాడు గొంతు పెంచి. జనం పడీపడీ నవ్వారు. పిన్ని కొంగు భుజం చుట్టూ లాక్కుని, కుర్చీల మధ్య దారి వెతుక్కుంటూ వెళ్లిపోయింది. మర్నాడు కూరల బండి దగ్గర "భలే చేశావు పిన్నీ" అన్నారెవరో. "నేనేం చెయ్యలేదమ్మా, నిజంగానే అడిగాను" అంది. "చూశారా, ఇప్పుడూ ఎంత సహజంగా అందో" అని మళ్లీ నవ్వారు. వెనకే నిలబడి విన్న దర్శకుడు తల దించుకుని పక్క సందులోకి జారుకున్నాడు. అప్పట్నుంచీ సందులోంచి తిరిగి, పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్తున్నాడు. పన్నెండు చొక్కాల కుట్టుకూలి ఇంకా ఇవ్వలేదు.