ఎనిమిది కాగితాల లాంతరు

మా శాన్ ఫెర్నాండో ఊళ్లో రెమెడియోస్ తయాగ్ మేడం పేరు తెలియని ఇల్లు లేదు. ఆమె హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేది. గట్టిగా చెప్పేది, మధ్యాహ్నం పిరియడ్లో కూడా పిల్లలకు కునుకు పట్టనిచ్చేది కాదు. ఎంత చేసినా ఉద్యోగం మాత్రం తాత్కాలికమే. జూన్‌లో పిలిచేవారు, మార్చిలో ఇంటికి పంపేవారు. వేసవంతా బజారులో ఎండుచేపలు అమ్మి ఇల్లు నడిపేది. అందుకు ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. ఏటేటా కొత్త మనిషిలా వెళ్లి మళ్లీ ఉద్యోగం అడుక్కోవాలంటే మాత్రం ఒళ్లు మండేది.

ఆ డిసెంబరులో ఒక పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. అది కావాలంటే పెద్దల ముందు డెమో క్లాసు చెప్పాలి. డెమో అంటే మా దగ్గర సగం పాఠం, సగం నాటకం. చూడవచ్చిన వాళ్లకు పాన్సిట్ నూడుల్స్ వండిపెట్టాలి, పిల్లలకు ముందే తర్ఫీదు ఇవ్వాలి. ప్రశ్న వేయగానే అందరూ చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల్నే పిలుస్తుంది, తరగతిలో మొద్దు ఒక్కడూ బయటపడడు. రెమెడియోస్ కూడా అదే చేసింది. ఎవరు చేయరు గనక?

ఆ రోజు పాఠం అణువుల ఆకారాలకు పేర్లు ఎలా వచ్చాయన్నది. వెనక బెంచీలో సూపర్‌వైజరు దయ్‌రిత్ గారు కూర్చున్నారు. నవ్వితే ఏదో ఖర్చయిపోతుందన్నట్టు ఉంటుంది ఆవిడ ముఖం. మీథేను సాఫీగా గడిచింది. కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు, ఆకారం పేరు చతుర్ముఖి. తర్వాత రెమెడియోస్ బోర్డు మీద గంధకాన్ని, దాని చుట్టూ ఆరు ఫ్లోరిన్లను గీసి, ఉన్నవి ఆరే కదా, మరి దీన్ని అష్టముఖి అని ఎందుకంటారని అడిగింది. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"కిటికీ పక్కన ఎడమచెయ్యి ఎత్తిందే, ఆ అమ్మాయిని అడగండి," అన్నారు దయ్‌రిత్ గారు.

ఆ పిల్ల క్లారిటా, కాగితపు లాంతర్లు చేసేవాళ్ల అమ్మాయి. క్రిస్మస్ దగ్గరపడిందంటే ఇంటిల్లిపాదీ కాగితాలు అంటించే పనిలో ఉంటారు, పిల్ల బడికి సగం రోజులు రాదు. క్లారిటా లేచి, ఎనిమిది ఉండాలేమో, మేడం రెండు గీయడం మరిచిపోయారేమో అంది. తరగతి కిసుక్కుమంది.

పోస్టు పోయినట్టేనని రెమెడియోస్‌కు అర్థమైంది. పోతే పోనీ, ఈ పిల్లను నవ్వులపాలు చేసి కూర్చోబెట్టడం నా వల్ల కాదనుకుని, రాసి తెచ్చుకున్న పాఠం బల్ల మీద పడేసింది.

"క్లారిటా, మీ ఇంట్లో లాంతరు ఎంతటిదో దేన్ని బట్టి చెప్తారు?"

"కాగితాల్ని బట్టి మేడం. లోపలి పుల్లలెవరికి కావాలి?"

"సరే. మూడు వెదురుపుల్లలు నడుమన కలిపి కట్టావు. ఒకటి నిలువు, రెండు అడ్డం. కొసలెన్ని?"

"ఆరు."

"ఆ కొసలన్నీ కలుపుతూ దారం కట్టావు. ఇప్పుడు కాగితాలెన్ని కత్తిరిస్తావు?"

క్లారిటా వేళ్లు గాల్లోనే జిగురు రాయడం మొదలుపెట్టాయి. "పైన నాలుగు, కింద నాలుగు... ఎనిమిది." అని ఆగి బోర్డు వైపు చూసింది. "అంటే ఫ్లోరిన్లు కొసల్లో ఉన్నాయా? పేరేమో కాగితాలదా?"

అంతే, ముఖాలంటే ఆ కాగితాలే అంది రెమెడియోస్. క్లారిటా కూర్చోలేదు.

"మరి ఇందాకటి మీథేనుకు కొసలూ నాలుగే, కాగితాలూ నాలుగే. అందుకే నేను కొసల్ని లెక్కపెట్టుకున్నా. మీరు దాన్ని ముందు చెప్పకుండా ఉండాల్సింది మేడం."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది రెమెడియోసే. ఆమెకు ఆనందం పట్టలేకుండా ఉంది. కుడీ ఎడమా మరిచిపోయి పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

తర్వాత దయ్‌రిత్ గారు రెండోసారి పాన్సిట్ వడ్డించుకుంటూ, చేతుల నాటకం తన డెమోలో తనూ ఆడిందేనని చెప్పారు.

"కుడిచేతులకు ఎవరైనా చెప్తారమ్మా. నేను మీలో చూడాలనుకున్నది ఎడమచేతులకు ఎలా చెప్తారన్నది," అన్నారు.

జూన్‌లో రెమెడియోస్ ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా తన తరగతికి వెళ్లింది. తలుపు మీద అంతకుముందు సుద్దతో రాసి ఉన్న తన పేరును తడిగుడ్డతో తుడిచేసి, ఎర్రరంగు డబ్బా తెరిచి పెద్దపెద్ద అక్షరాలతో మళ్లీ రాసుకుంది. సాయంత్రం దాకా అక్కడే నిలబడి, రంగు ఇంకా ఆరలేదు, ముట్టుకోకండని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పింది.