మా పాపను కూర్చోబెట్టిన మేడం

సోమవారం పొద్దున, సెంటర్‌లో పరిచయమైన ఒక తల్లి ఫోన్ చేసి, థెరపీ మేడం ఇక లేరని చెప్పింది. పొయ్యి మీద పాలున్నాయి. మంట ఆపేశాను.

ఏడేళ్ల కిందట మేము యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా పాపకు ఏడాది నిండినా కూర్చోవడం రాలేదు, పక్కకు ఒరిగిపోయేది. టీకాలు వేసే డాక్టరు ఆలస్యం చేయొద్దని, తార్నాకలోని సెంటర్‌కు పంపారు. ఎదుగుదల వెనకబడిన పసిపిల్లలకు ఆటలతో, వ్యాయామాలతో సాయం చేసే చోటు అది. మేడం అక్కడే పనిచేసేవారు. గుంటూరు వైపు మనిషి. ఎంత చిన్న పిల్లనైనా 'మీరు' అనేవారు. బంతి అందిస్తూ "తీసుకోండి" అని, పాప చెయ్యి చాచేదాకా ఓపిగ్గా చూసేవారు.

మా అత్తమ్మకు ఇదంతా నచ్చలేదు. తన కొడుకూ ఆలస్యంగానే నడిచాడని, పిల్లకు లేని రోగం అంటగడుతున్నామని రోజూ అనేది. విని విని అలసిపోయి మూడు వారాలు వెళ్లడం మానేశాను. ఫోన్ వస్తే పాపకు జ్వరమని అబద్ధం చెప్పాను.

ఆ ఆదివారం చర్చి నుంచి మేడం నేరుగా మా ఇంటికొచ్చారు. జ్వరం సంగతి అడగలేదు. అత్తమ్మ కాళ్లు చాపి, పాపను వాటి మీద పడుకోబెట్టి స్నానం చేయిస్తున్నది. మేడం కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బాత్రూం గడప మీద కూర్చున్నారు.

"నేను చూసేది వారానికి రెండు గంటలేనమ్మా. మీ చేతులు రోజూ తన మీదే ఉంటాయి. ఇలా కూర్చోబెట్టి నీళ్లు పోయండి, నడుం తనే నిలుపుకోవాలని చూస్తుంది."

అత్తమ్మ చెంబు పక్కన పెట్టింది. పాపను లేపి కూర్చోబెట్టి, "గిట్లనా?" అన్నది.

ఆ రోజు నుంచి స్నానమే మా వ్యాయామం. నాలుగు నెలలకు, ఎవరూ పట్టుకోకుండానే పాప కూర్చున్నది. అత్తమ్మ తడి చేతులతోనే నాతో మేడంకు ఫోన్ చేయించి, "మేడం, కూసున్నది" అన్నది.

పాప మూడేళ్లు దాటాక నడిచింది. మాటలు ఇప్పటికీ తక్కువే. అన్నీ సర్దుకుంటాయని మేడం ఏనాడూ మాటివ్వలేదు. "ఈ వారం కొత్తగా ఏం చేశారు?" అని పాపనే అడిగేవారు. చివరికి తనను తీసుకుపోయిన జబ్బు గురించి మాత్రం ఆవిడ మాకెవరికీ చెప్పలేదు.

ఆ సోమవారమే అత్తమ్మ, నేను, పాప కలిసి ఆవిడ ఇంటికి వెళ్లాం. లోపల ప్రార్థన జరుగుతున్నది. గుమ్మం బయట పెద్దల చెప్పుల నడుమ సెంటర్ పిల్లల బూట్లు చాలా ఉన్నాయి. కొన్నింటికి చీలమండ దాకా పట్టీలు, కొన్ని జతల్లో ఒక బూటుకే మందమైన అడుగు. అత్తమ్మ వంగి, పాప బూట్లు విప్పి, వాటి పక్కన పెట్టింది.