చిన్ని ఆపిన సీటు

బస్సు కిటికీలోంచి ఆరేళ్ల పిల్లను తప్పుడు బస్సులోకి ఎక్కించి చేతులు దులుపుకున్న ఘనుణ్ని నేను. ఆ పిల్ల పరాయిది కూడా కాదు, సొంత మనవరాలు. నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

పోయిన వానాకాలం సంగతి. అల్లుడు హైదరాబాదులో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. మా అమ్మాయి లత అతని దగ్గరుంటూ, పిల్లలు వరుణ్‌నీ చిన్నినీ మెదక్‌లో మా దగ్గర వదిలింది. తండ్రిని అంబులెన్సులో తీసుకుపోయినప్పటి నుంచి చిన్నికి మాటలు తగ్గిపోయాయి.

"రేపు పొద్దుగూకెవరకు రామాయంపేటల మా ఇంటికొస్త బాపూ. ఒక్క రాత్రి పిల్లలను పక్కల పండవెట్టుకుని మల్ల దవాఖానకు పోత. నేనొచ్చెవరకు వాళ్లు ఇంట్ల ఉండాలె" అని ఫోన్ చేసింది.

రామాయంపేట వెళ్లేలోగా పిల్లల్ని కాస్త నవ్విద్దామని మర్నాడు నేనూ మా ఆవిడా పొద్దున్నే వాళ్లను ఊళ్లో తిప్పడానికి బయల్దేరాం.

నవ్వించడం మా వంశంలోనే లేదు. చర్చి ఆవరణలో ఇలా కూర్చున్నామో లేదో వాన. ఖిల్లా సగం ఎక్కగానే మా ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. ఐస్‌క్రీం కొనిస్తే చిన్ని "డాడీకి దాసిపెడ్త" అని చేతిలోనే కరగనిచ్చింది. మా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. నలుగురం తడిసి, ముఖాలు వేలాడేసుకుని బస్టాండు చేరాం.

ఇక్కడ నా గొప్పతనం కాస్త చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి ఈ దారిలో ఉద్యోగానికి తిరిగినవాణ్ని. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపడంలో నా అంతవాడు లేడు. బోర్డు చదవడం కొత్తవాళ్ల పని అని నా అభిప్రాయం. జనం ఎటు ఉరికితే అదే మన బస్సు.

జనం ఉరికారు. చిన్నిని చంకనేసుకుని నేనూ ఉరికాను. భుజం తడుముకుంటే తువ్వాల లేదు! వానకని మా ఆవిడ దాన్ని చిన్ని తలకు చుట్టింది. విప్పే తీరిక ఎక్కడిది? తువ్వాలతో సహా పిల్లను కిటికీలోంచి సీట్లోకి దించాను.

"సీటు ఆపు బిడ్డా! ఎవ్వరికీ ఇయ్యకు. అమ్మమ్మను తీస్కొని గిప్పుడే వస్త."

చిన్ని బుద్ధిగా తలూపి, సీటు మీద కాళ్లు బార్లా చాపింది.

మోకాళ్ల మనిషిని నడిపించుకుంటూ వచ్చి బస్సెక్కాను. కిటికీ పక్కన ఎవరో మీసాలాయన కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, చిన్ని ఏది?" అంది మా ఆవిడ.

"గిదే బస్సు. గిదే సీటు."

వరుణ్ నా చొక్కా లాగాడు. "తాతా, ఇది రామాయంపేట బస్సు. నువ్వు చిన్నిని ఏసింది నర్సాపూర్ బస్సుల. గది పోయింది."

"గప్పుడే చెప్పొద్దారా?"

"చెప్పిన. నువ్వు ఇనలే."

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను తిట్టని సందర్భం అదొక్కటే. అందుకే సంగతి ఎంత దూరం పోయిందో నాకు అర్థమైంది. మొగుణ్ని ఆసుపత్రిలో వదిలి బిడ్డల కోసం వచ్చే లతకు నేనేమని చెప్పాలి?

పడుతూ లేస్తూ కంట్రోలర్ గదిలో పడ్డాను. ఆయన ఆ కండక్టరుకు ఫోన్ కలిపాడు.

"పాప ఉన్నదట. కొల్చారంల ఆపుతరు, ఆటోల పోండ్రి. కండక్టర్ మేడం మస్తు పరేషాన్ల ఉన్నది."

"ఏడుస్తున్నదా సార్?"

"ఏడుస్తలేదు. సీటు ఇస్తలేదట!"

ఏడవడం నా వంతయింది. మా ఆవిడనూ వరుణ్‌నూ బస్టాండులో కూర్చోబెట్టి, కొల్చారం దాకా ఆటోలో ఆ పని చేస్తూనే పోయాను.

బస్సు రోడ్డు పక్కన ఆగి ఉంది. లోపల కాలు పెట్టే సందు లేదు. ముగ్గురు కూర్చునే సీట్లో మాత్రం చిన్ని ఒక్కతే, తడి తువ్వాల పరిచి దాని మీద చెయ్యి ఆనించి కూర్చుంది. పక్కనే ఒక ముసలామె నిలబడి ఉంది.

"మా తాత ఆపుమన్నడు అంటది, ఎవ్వరు చెప్పినా జరుగది" అంది కండక్టర్.

చిన్ని నన్ను చూసి, "గీడ అమ్మమ్మ. గీడ డాడీ" అని తువ్వాల మీద తట్టి చూపించింది.

"మరి నేను?"

"నువ్వు నిలవడు."

మళ్లీ మెదక్ వచ్చి, నలుగురం రామాయంపేట చేరేసరికి లత గుమ్మంలో నిలబడి ఉంది. వాన వల్ల ఆలస్యమైందని చెబుదామని నేను నోరు తెరిచేలోపే, ఇన్నాళ్లూ మాటలు కరువైన చిన్ని చేతులు తిప్పుతూ కథంతా ఏకరువు పెట్టింది. లత నావైపు తిరిగింది.

"నన్ను గూడ చిన్నప్పుడు గిట్లనే బోధన్ బస్సుల ఏసినవ్ గద బాపూ!"

అని పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ గడప మీద కూలబడి ఏడ్చింది. పిల్లలిద్దరూ ఆమె ఒళ్లో దూరారు. పొద్దంతా తిరిగి నేను చేయలేని పని నా తెలివితక్కువతనం చేసింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నుంచి ప్రతి బస్సు బోర్డూ రెండుసార్లు చదువుతాను. ప్రాణమున్న దేన్నీ కిటికీలోంచి లోపలికి పంపను. ఇంకొకటి. అల్లుడు ఇంకా ఇంటికి రాలేదు. చిన్ని ఏ బస్సెక్కినా పక్క సీటు మీద తువ్వాల పరుస్తోంది. అతను వచ్చి ఆ సీట్లో కూర్చునేదాకా నేను నిలబడే ప్రయాణం చేస్తాను.