కంచంలో దొరికిన రుజువు

తప్పు నాదే. ఈ మాట ఆఫీసు నివేదికలో ఎక్కడా లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

హిందూపురంలో గది అద్దెకు తీసుకుని, ఒక చేపల ప్రాజెక్టులో ఏడాది కాంట్రాక్టు మీద పనిచేశాను. చెరువుల్లో వదిలిన రోహు చేపపిల్లలు నిజంగా బతుకుతున్నాయా, లేక ఉత్తపుణ్యానికి నీళ్లలో పోస్తున్నారా అని తేల్చడం మా పని. పిల్లల్ని పుట్టించిన కేంద్రంలో ఆ ఏటి తల్లి చేపలవీ తండ్రి చేపలవీ రెక్క ముక్కలు ముందే తీసి దాచారు. చెరువులో పట్టిన చేప రెక్క కూడా గోరంత కత్తిరించి, స్పిరిట్ గొట్టంలో వేసి బెంగళూరు ల్యాబుకు పంపాలి. డీఎన్‌ఏలోని గుర్తులు పోల్చి అది ఆ తల్లిదండ్రుల బిడ్డో కాదో వాళ్లు చెప్పేస్తారు. బిడ్డలు కనబడని చెరువుకు మరుసటేడు పిల్లలు ఇవ్వరు.

ఒకే రోజు మూడు చెరువులు పెట్టుకున్నాను. హిందూపురం, పెనుకొండ ముగించుకుని ధర్మవరం వైపు చెరువు చేరేసరికి సాయంత్రమైంది. నా ధ్యాసంతా తిరుగు రైలు మీదే. అక్కడి చేపల సంఘం పెద్దాయనకు మా నాయన వయసుంటుంది. నేను వచ్చేలోపే వల లాగించి, గట్టున తడిగోనె మీద చేపల్ని వరసగా పేర్చి పెట్టించాడు. అన్నీ మూరెడేసి పొడవు, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినంత ముచ్చటగా ఉన్నాయి.

వలలో పడ్డవన్నీ ఇవేనా అని అడగాలి. అడగలేదు. వయసు తేల్చడానికి ఒక్కోదాన్నీ కొలిచి పొడవు రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేశాను. రెక్కలు కత్తిరించి, చేపల్ని ఏరకుండా తీశామని అచ్చేసి ఉన్న చోట సంతకం గీకి స్టేషన్‌కు పరిగెత్తాను. రైలు గంట ఆలస్యంగా వచ్చింది.

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. మిగతా రెండు చెరువుల్లో బిడ్డలు దొరికాయి. ధర్మవరం వైపు చెరువులో ఒక్కటీ లేదు. ఇరవై ఇళ్లవాళ్లు ఆ నీళ్లను నమ్ముకుని బతుకుతున్నారు. నేనే వెళ్లి చెబుతానన్నాను, అదేదో పెద్ద ధైర్యమైనట్టు.

నేను వెళ్లేసరికి ఎండాకాలం. చెరువు అడుగంటి బురదైంది. ముందురోజే ఆఖరి వల లాగేశారట. నేను నోరు విప్పేలోపే పెద్దాయన భార్య కూర్చోబెట్టి సంగటి, చేపల పులుసు పెట్టింది. కంచంలోని చేపలు జానెడే. ఇవెక్కడివని అడిగాను.

"పోయినేడు మీ లారీలో వచ్చిన పిల్లలే గదప్పా," అన్నాడు పెద్దాయన. "నువ్వొచ్చిన పొద్దు వల నిండా ఇవే. అప్పుడు అరచేతంత ఉన్న్యాయి. చిన్నవి నీ ముందర పెడితే మర్యాదగా ఉండదని మళ్లీ నీళ్లల్లో ఇడ్సేసినాము. ముందెప్పుడో పై చెరువు నిండి మరవ పారినప్పుడు కొట్టుకొచ్చిన పెద్దవి ఏరి పెట్టినాము."

ఆ పెద్దవాటికీ మేం దాచిన తల్లిదండ్రులకూ ఏ సంబంధమూ లేదు. ల్యాబు చెప్పింది నిజమే. అబద్ధం నా సంతకమే. వచ్చిన పని చెప్పకుండా, పచ్చి చేప ఒక్కటైనా మిగిలిందేమోనని ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఎక్కడా లేదు. సిగ్గు విడిచి, నా కంచంలోని ముళ్లూ తలకాయలూ కాగితంలో చుట్టుకుని మర్నాడు పొద్దున్నే బెంగళూరు బస్సెక్కాను. దారంతా ఆ పొట్లాన్ని ఒళ్లోంచి దించలేదు. పక్క సీటాయన వాసన భరించలేక లేచి వెనక్కి పోయాడు.

ల్యాబు మేడమ్ పొట్లం విప్పి చూసింది. ఉడికిన ముల్లు నుంచి కూడా ఒక్కోసారి గుర్తులు తీయొచ్చు, కానీ ఇది ఆ చెరువుదేనని ఎవరు నమ్ముతారని అడిగింది. పొడవు గడి ఖాళీగా ఉన్న కాగితం నా ముందుకు జరిపింది. మళ్లీ చేపలు తీద్దామంటే చెరువులో నీళ్లు లేవు, నెలాఖరుకు ప్రాజెక్టే ఉండదు. జరిగిందంతా ఆఫీసులో ఉత్తరంగా రాసిచ్చాను. నివేదిక అప్పటికే పైకి వెళ్లిపోయిందన్నారు. కాళ్లు పట్టుకుందామన్నా ఎవరివి పట్టుకోవాలో తెలియలేదు.

వానలు పడ్డాక పెద్దాయన ఫోన్ చేశాడు, పిల్లల లారీ ఎప్పుడొస్తుందని. రాదని చెప్పాను. ఎందుకు రాదో, తప్పెవరిదో అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"పోనీలేప్పా. నువ్వు మళ్లీ రా. ఈ తూరి చిన్నవే ఏరి పెడతాము."