పొలిమేర దగ్గర ఆగిన బండి

మొన్న జనగామ బస్టాండు పక్కన ఒక పిల్ల స్టీలు డబ్బాలో ఇప్పపువ్వు లడ్డూలు పెట్టుకుని అమ్ముతోంది. మూత తీయగానే కాస్త బెల్లం, కాస్త పులిసిన కల్లు, కాస్త ఎండకు మాగిన ఆకు కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలింది. కొనలేదు. కొత్తగూడ అడవిలో చైత్రమాసపు తెల్లవారుజామున ఏరిన పువ్వుకు ఆ వాసన ఇంకా ఘాటుగా ఉండేది. ఇందులో యాలకులు కలిపారు.

మా బాపుకు కొత్తగూడలో చిన్న కిరాణా దుకాణం ఉండేది. మాది రఘునాథపల్లి దగ్గరి ఊరు, వ్యవసాయం చేసే ఇల్లు. ఉన్న చెలక ఇద్దరన్నదమ్ములకు చాలదని బాపు అమ్మనూ నన్నూ తీసుకుని అడవికి పోయి, ఉప్పు, పొగాకు, గ్యాసునూనె అమ్ముతూ, కోయవాళ్లు తెచ్చే చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ కొని తొర్రూరు అంగడికి పంపేవాడు. నా బాల్యమంతా ఆ గోనె సంచుల మధ్యనే గడిచింది. ఎండాకాలం మొర్రి పండ్లు, తునికి పండ్లు. తొలకరికి గొడుగుల్లా విచ్చుకునే పుట్టకొక్కులు, వాటిని పసుపు నీళ్లలో కడిగి అమ్మ వండితే ఇల్లంతా తడిమట్టి వాసన. చలి మొదలైతే సీతాఫలాలు బియ్యంలో మగ్గబెట్టుకోవడం, మగ్గాయా లేదా అని గంటకోసారి వేలితో నొక్కి అమ్మతో తిట్లు తినడం. గచ్చకాయలాటలో నాతో గూడెం పిల్లలెవరూ గెలిచేవారు కాదు. చింతపండు తూచేటప్పుడు బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క అడిగేవాడు. తప్పు చెప్తే కోప్పడేవాడు కాదు, సరైన జవాబు వచ్చేదాకా అదే లెక్క మళ్లీ మళ్లీ అడిగేవాడు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఏటా బతుకమ్మకు మాత్రం తప్పకుండా ఊరికి వచ్చేవాళ్లం. గునుగు పువ్వుకు రంగులద్దడం, తంగేడు కోసం పొద్దున్నే చెలకల వెంట తిరగడం, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, నెయ్యి కారే మలీద ముద్దలు, ఇవన్నీ ఒక ఎత్తు. ఊర్లోకి రాగానే బాపు చేసే పని మరో ఎత్తు. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఇంటి వెనక బావికి పోయి, నాలుగు బొక్కెనల నీళ్లు నెత్తిన కుమ్మరించుకుని, తడిబట్టలతో వచ్చి గడపకు మొక్కి, అప్పుడు నోరు తెరిచేవాడు. "ఏడ తిరిగినా ఈ నీళ్లు పడితెనే ఒళ్లు నాదనిపిస్తది" అనేవాడు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, సద్దుల బతుకమ్మ ఇక రెండు మూడు రోజులుందనగా, ఒక శనివారం తెల్లారి బాపు అడవి జ్వరంతో పోయాడు. అమ్మ ఏడ్చింది, ఏడ్చి లేచింది. ఆయనకు ఆ బావి నీళ్లతో స్నానం చేయించి, ఆ గడప ముందు నుంచే సాగనంపాలని ఒకటే పట్టు. పక్కింటి ఎర్రయ్య తాత, ముసలి కోయ మనిషి, అమ్మకు దారి చెప్పాడు.

"బిడ్డా, పీనుగంటే లారీ వాడు ఎక్కించుకోడు. ఒళ్లు బిగుసుకోకముందే కూచోబెట్టు. జరమొచ్చిందని చెప్పు."

అట్లాగే చేశారు. బాపుకు తలపాగా చుట్టి, గొంగడి కప్పి, రెండు గోనె సంచుల మధ్య ఒరగబెట్టి కూర్చోబెట్టారు. బండి కదిలే ముందు అమ్మ దొడ్లోకి పోయి ఒక నల్లకోడిని తెచ్చి, దాని కాలికి తాడు కట్టి గొంగడి అంచుకు ముడివేసింది. శనివారం పోయిన పీనుగు ఒంటరిగా పోదని, తోడు కోరుతుందని, కోడిని తోడు పంపకపోతే ఇంట్లో ఇంకొకరిని తీసుకుపోతుందని మాలో నమ్మకం. అమ్మకు మిగిలింది నేనొక్కదాన్నే. ఆ కోడిని ఎందుకు కట్టిందో అప్పుడు నాకు తెలియలేదు.

గూడూరు దాకా ఎడ్లబండి. అక్కడి నుంచి జనగామ వైపు పోయే వెదురు లారీ. ఎర్రయ్య తాత కూడా వచ్చాడు. బాపును డ్రైవరు వెనక ఉన్న పలక మీద కూర్చోబెట్టి, అటు అమ్మ, ఇటు తాత భుజాలు ఆనించారు. "ఏడిస్తే నడిమిట్ల దించుతరు" అని అమ్మ నా చెవిలో చెప్పింది. తొర్రూరు దగ్గర డ్రైవరు వెనక్కి తిరిగి, "అన్నా, ఒక బీడీ తాగుతవా, చలి వోతది" అన్నాడు.

"జరం మీదున్నడు, వద్దు" అంది అమ్మ.

"మరి కోడి? పండుగకా?"

"ఆ, పండుగకే."

అతను నవ్వి, కోడి బలిసిందని మెచ్చుకున్నాడు. నేను నాలుక కొరుక్కుని కూర్చున్నాను. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది, అయినా ఏడవలేదు.

రఘునాథపల్లి దగ్గర దిగి, తెలిసిన కుమ్మరాయన బండి మాట్లాడుకుని, మరునాడు పొద్దు వాలుతుండగా మా ఊరి వాగు దగ్గరికి చేరాం. మా పొలిమేర ఆ వాగే. బతుకమ్మలు నిమజ్జనం చేసే చోటును చిన్నాయిన దగ్గరుండి ముళ్లకంప కొట్టించి చదును చేయిస్తున్నాడు. చిన్నాయిన అంటే బాపు తమ్ముడు. అప్పటికి పాతికేళ్లుంటాయి. కొత్తగా పెళ్లయింది, సర్పంచు కావాలని పెద్దమనుషుల వెంట తిరుగుతున్నాడు. బయట చనిపోయినవాళ్లను ఊర్లోకి తేవద్దని మా ఊర్లో పాత కట్టడి ఉండేది. కొనఊపిరి ఉందంటే మాత్రం ఎవరూ అడ్డం రారు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాళ్లెవరూ ఉండరు. చూడకపోవడమే మర్యాద.

"జరం బాగ ముదిరింది మరిదీ, ఇంట్ల పండబెడత" అంది అమ్మ.

పెద్దమనుషులు తలలు తిప్పుకున్నారు, దారి ఇచ్చారు. బండి కదలబోయింది. చిన్నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చూపు బాపు మొహం మీద లేదు.

"బతికున్నోనికి కోడెందుకు గట్టినవు వదినా?"

అమ్మ గొంగడి అంచును కోడి మీదికి లాగింది. చిన్నాయిన ముందుకు వచ్చి, అందరూ చూస్తుండగా, అన్న తలపాగా విప్పి కింద పారేశాడు.

"ఊరి పండుగ ఆపుతవా? పీనుగు ఊర్ల ఉంటె పొయ్యి ముట్టియ్యరని ఎరుక లేదా నీకు?"

"నీ తోడబుట్టినోడు గదా! రెండు చెంబుల నీళ్లు పోసి తీసుకపోత. గడప దాక రానియ్యి" అని అమ్మ బండి దిగి ఆయన కాళ్లు పట్టుకుంది.

"మా గూడెంల పీనుగును గిట్ల ఆపరు దొరా. కుక్కను గుడ గిట్ల ఆపరు" అన్నాడు ఎర్రయ్య తాత.

చిన్నాయిన వినలేదు. బాపును వాగు అవతలే, బండి మీంచి నేరుగా చితి మీదికి ఎక్కించారు. స్నానానికి వాగు నీళ్లే. కాల్చేముందు తాడు విప్పితే ఆ కోడి రెక్కలు దులుపుకుని, వాగు దాటి, నడుచుకుంటూ ఊర్లోకి పోయింది. దాన్ని ఎవరూ ఆపలేదు. రెండు రోజుల తర్వాత ఊరంతా సద్దుల బతుకమ్మ ఆడింది. అన్న పోయిన మైల ఉందని కూడా చూడకుండా చిన్నాయిన కొత్త పెండ్లాంతో పేర్పించిన బతుకమ్మే అన్నిటికన్నా ఎత్తు. ఊర్లో కొందరు ఇప్పుడు ఎత్తులో అది రెండోదంటారు. తప్పు. మైలలో అమ్మా నేనూ కూర్చున్న ఆ ఇంటి కిటికీలోంచి చూశాను.

ఆ పాత ఇంటిని చిన్నాయిన భూపాలపల్లిలో బొగ్గుబావి ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి పోయే ముందు అమ్మకానికి పెట్టాడు. నేనే కొన్నాను. కూలిపోయే ఇల్లు ఎందుకని అందరూ అడిగారు. అవసరం పడుతుందన్నాను.

పోయిన ఎండాకాలం పడింది. చిన్నాయిన భూపాలపల్లి దవాఖానలో పోయాడు. కొడుకు సుధాకర్ ఐసు పెట్టె ఉన్న అంబులెన్సులో తెచ్చి, తిన్నగా నా గేటు ముందు ఆపాడు. మధ్యాహ్నం, మంచి ఎండ.

"అక్కా, జర తలుపు తియ్యి. పాతింటి గడప ముందర పెట్టాల్నని నాయిన ఆఖరి మాట. బావికాడ నీళ్లు పోసి తీసుకపోతం, గంతె."

"మీ నాయిన ఏడ పోయిండు?"

"దవాఖానల. ఫోన్ల చెప్పిన గదా."

"బయట పోయినోళ్లు లోపలికి రావద్దు."

"గవన్ని ఎప్పటి ముచ్చట్లు అక్కా! గిప్పుడు ఎవలు వట్టించుకుంటున్నరు?"

"నేను."

యువకులు నలుగురైదుగురు చేరారు. వాళ్లకు ఆ కట్టడి పేరు కూడా తెలియదు. ఒకడు నన్ను చూసి, ముసలామెకు మతి తప్పిందన్నాడు. అప్పుడు అంబులెన్సు కిటికీలోంచి చిన్నమ్మ, ఆ ఏటి కొత్త పెండ్లికూతురు, వంగిన నడుముతో తల బయటికి పెట్టి నా కళ్లలోకి చూసింది. నేను గేటు గొళ్లెం మీంచి చెయ్యి తీయలేదు.

"బండి మలుపుర సుధాకరూ" అంది. "ఆమె తియ్యది. నేనైన తియ్యకపోదును."

బండి మళ్లింది. వాగు అవతలికే పోయింది.

ఇప్పుడు హైదరాబాదులో పోయినవాళ్లను, వరంగల్‌లో పోయినవాళ్లను నేరుగా ఇంటి ముందుకే తెస్తున్నారు, షామియానా వేసి పెట్టెకు కరెంటు పెడుతున్నారు, ఊర్లో పొయ్యిలు మండుతూనే ఉంటాయి. మొన్న మా వీధిలో ఒకరిని అట్లా తెస్తే నేనూ పోయి దండ వేసి వచ్చాను. పాత కట్టడి మా ఊర్లో లేదు, ఇక రాదు. అది పోవలసిందే. పోయేముందు ఒక్కసారి, చెల్లవలసిన మనిషి మీద చెల్లింది.