గోగు కర్ర నారయ్యే రోజు

మావయ్య పోయారని మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసి చెప్పింది. కొత్తవలసలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని అంతకు రెండు రోజుల ముందే ఆయనకి మాటిచ్చాను.

మావయ్యది ఆమదాలవలస దగ్గర పల్లె. గోగు వేసేవారు. కోసిన గోగు కట్టల్ని ఊరి పక్క వాగు, మా గెడ్డ నీళ్లలో ముంచి నానబెట్టి, మెత్తబడ్డాక నార తీస్తారు. చిన్నప్పుడు సెలవులకి వెళితే ఆయన వెనకే గెడ్డకి పోయేదాన్ని. రోజూ నీళ్లలోకి దిగి, ఒక కర్ర మొదలు బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకా కర్రేనే" అనేవారు. తడి పంచెతోనే వచ్చి గట్టు మీది రాతి మీద కూర్చుని చుట్ట ముట్టించేవారు. మర్నాడూ అదే మాట. నాకు విసుగొచ్చేది.

ఒక ఏడు పన్నెండు రోజులు పట్టిందని గుర్తుపెట్టుకుని, మరుసటేడు పన్నెండో రోజున ఆయన రాకముందే కట్ట విప్పి లాగేశాను. నార ముక్కలు ముక్కలుగా తెగింది. వానలకి నీళ్లు చల్లబడ్డాయన్న సంగతి నా లెక్కలో లేదు. మావయ్య తిట్టలేదు.

"రోజులు నువ్వు లెక్కెట్టుకున్నావు గానీ గోగు లెక్కెట్టుకోదే. నిన్నటికీ ఇయ్యాలకీ సేతికి తేడా తెల్దు. ఒక పొద్దున మాత్రం అది కర్రలాగుండదు."

నాలుగు రోజులాగి నన్నే నీళ్లలోకి దింపారు. నార మొదలు నుంచి చివరిదాకా జారి వచ్చేసింది.

కాలేజీలో లెక్చరర్ పరిమాణంలో మార్పు, గుణంలో మార్పు అని పాఠం చెప్పారు. కొంచెం కొంచెంగా పెరిగిన మార్పు ఒకచోట వస్తువునే మార్చేస్తుందని, మరిగే నీళ్లని చూపించారు. నాకు మాత్రం గెడ్డలో నానే గోగు కంపే గుర్తొచ్చింది. ఆ మాట చెబితే మావయ్య నవ్వారు. "దీనికి అంత పేరేటే?"

రాష్ట్రం విడిపోయిన ఏడాది నాకు కొత్తవలస బదిలీ అయింది. అప్పటినుంచి ఫోన్లో "వచ్చే ఆదివారం" అనడం అలవాటైపోయింది. పరీక్షలు, పెళ్లిళ్లు, పిల్లల జ్వరాలు. ఎప్పుడు చూసినా ఆలస్యం ఒక్క వారమే. రైలెక్కితే ఒక పూటలో చేరే దూరం. "ఒక వారం అటూ ఇటూ ఐతే ఏటవుతాదే, వీలు సూసుకుని రా" అనేవారు. పిల్లలకి ఆ పాఠం గోగు కర్రతో చెప్పే టీచర్ని అయ్యుండీ, ఆ మాట నమ్మేశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్త అంది, "మీ మావ పోయే ముందురోజు నానెట్టిన కట్టలు గెడ్డలోనే ఉన్నాయే. ఆయన సూసినట్టు నువ్వే సూడు."

దిగాను. "ఇంకా కర్రేనే" అన్న ఆ గొంతు ఒక్కసారి వినబడితే చాలనిపించింది. మొదలు నొక్కి లాగాను. నార చివరిదాకా జారి చేతికొచ్చింది.

"వచ్చేసింది మావా" అంటూ గట్టు వైపు తిరిగాను. ఆ రాయిని నేనెప్పుడూ ఆయన పంచె తడితోనే చూశాను. ఇప్పుడది ఎండకి పొడిగా, తెల్లగా ఉంది.